నడిమిపేటను దాటిపోయే మబ్బు

అనగనగా ఓ పెద్ద అడవి. ఎంత పెద్దదో అడక్కండి, నేనేమీ కొలిచి రాలేదు. ఆ అడవిలో మూడు పేటలు ఉండేవి. కొండ మీద ఎగువపేట, వాగు ఒడ్డున దిగువపేట, ఆ రెంటికీ మధ్య నడిమిపేట. ఎగువపేటలో వాన దంచి కొట్టేది. దిగువపేటలో కుండపోతగా కురిసేది. నడిమిపేటలో మాత్రం ఒక్క చుక్క రాలితే ఒట్టు!

నడిమిపేటలో ఒక నీటిగుంట. అందులో పైడమ్మ అనే కప్ప, దాని మొగుడు గవరయ్య కాపురం ఉండేవాళ్లు. వాళ్లకు పిల్లలెంతమందో తెలుసా? మూడు వందల మంది! నవ్వకండి, కప్పల ఇళ్లలో అది మామూలే. పిల్లలకు ఇంకా కాళ్లు రాలేదు. తోకలున్న బుల్లి బుల్లి పిల్లలు. నీళ్లు లేకపోతే వాళ్లకు బతుకే లేదు.

గుంట చూస్తే రోజురోజుకీ ఇంకిపోతోంది. మొన్న హాయిగా ఈదిన పిల్లలు ఇవాళ ఒకరి మీద ఒకరు పడి పొర్లుతున్నారు. అది చూసి పైడమ్మ ఇక ఊరుకోలేకపోయింది. గబగబా గెంతుకుంటూ పేట పెద్ద దగ్గరికి వెళ్లింది.

పేట పెద్ద ఒక ఎలుగుబంటి. పేరు అప్పలకొండ. అప్పుడు అతను రెండు బుగ్గల్లోనూ ఇప్పపువ్వు కుక్కుకుని నములుతున్నాడు.

"మావా, నా పిల్లలు మాడిపోతున్నారు. వాన మన పేట మీద ఎందుకు పడదు?" అని అడిగింది పైడమ్మ.

"ఇంకెందుకు? ఎగువపేటోళ్ల కుట్ర! కొండెక్కి బుట్టలతో మబ్బుల్ని పట్టేసుకుంటున్నారు" అన్నాడు అప్పలకొండ.

పక్కనే ఉన్న సన్యాసి అనే కుందేలు చెవులు ఆడించాడు. "కాదు మావా. దిగువపేటోళ్లు మబ్బుకి ఏదో తినిపించి మంచి చేసుకున్నారు."

"మబ్బు ఏం తింటుంది?" అంది పైడమ్మ.

"అదే కదా వాళ్లు చెప్పనిది!" అన్నాడు సన్యాసి.

అప్పలకొండ గడ్డం గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాడు. చివరికి ఆలోచన తట్టింది. "కప్పలకి పెళ్లి చేస్తే వాన పడుతుందంట. మనుషులు చేస్తారు, నేను పొదలోంచి చూశాను. పైడమ్మా, నీకు పెళ్లి చేస్తాం!"

"అయ్యో రామ! నాకు పెళ్లయి మూడొందల మంది పిల్లలు మావా!"

"అయితే ఏం? మళ్లీ చేసుకో. గవరయ్యనే చేసుకో."

గవరయ్య తెగ సిగ్గుపడిపోయి బురదలోకి దూరాడు.

ఇక చూడండి హడావుడి! అప్పలకొండ విందుకీ, ఏడాది తిండికీ అని ఇప్పపువ్వంతా బండ మీద ఎండబెట్టాడు. అంతలో ఉరుము వినబడింది. నల్లటి మబ్బు ఒకటి కొండ దిగి నడిమిపేట మీదికి వచ్చింది.

"ఓయ్ ఓయ్! ఇప్పుడు కాదు! పువ్వు తడిసిపోతుంది!" అని అప్పలకొండ అరిచాడు.

మబ్బు గిరుక్కున తిరిగి దిగువపేటకు వెళ్లిపోయింది. అక్కడ వాన కురిసింది. "చూశారా? మళ్లీ మనల్ని దాటేసింది!" అని అప్పలకొండే అందరికంటే ముందు గుండెలు బాదుకున్నాడు.

మర్నాడు సన్యాసి పెళ్లి పందిరి ముందు ముగ్గు వేశాడు. నలభై చుక్కల ముగ్గు! తోకతో తుడుచుకుంటూ, మళ్లీ వేసుకుంటూ పొద్దంతా వేశాడు. ఆఖరి గీత గీస్తుంటే మబ్బు వచ్చింది.

"అమ్మో, నా ముగ్గు! రేపు రావమ్మా, రేపు!" అన్నాడు సన్యాసి. మబ్బు మళ్లీ దిగువపేట దారి పట్టింది.

మూడో రోజు పెళ్లి. పైడమ్మకు ఒళ్లంతా పసుపు పూశారు. పచ్చ కప్ప కాస్తా పసుపు కప్ప అయింది. గవరయ్యకు బాసికం కట్టబోతే కళ్లు అడ్డం వచ్చాయి. పైకి కడితే జారింది, కిందికి కడితే నోట్లో పడింది. చివరికి మెడలో వేలాడదీసి సరిపెట్టారు. అతను తాళి పట్టుకుని లేచాడో లేదో, నెత్తి మీద గుడగుడమని ఉరిమింది. మబ్బు సరిగ్గా పందిరి మీదే నిలబడింది.

పైడమ్మ తలెత్తి చూసింది. "కాస్త ఆగు పిన్నీ! పసుపు కారిపోతుంది. తాళి కట్టించుకోనీ. వాన కోసమే కదా ఈ పెళ్లి!" అంది.

మబ్బు కదిలింది. పైడమ్మకు అప్పుడు వెలిగింది. వాన కోసం పెళ్లి, పెళ్లి కోసం వాన వద్దు! తన నోటితో తనే అనేసింది. గుంట వైపు చూసింది. అక్కడ నీళ్లు లేవు. వట్టి బురద. పిల్లలు నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నారు.

పెళ్లి పీట మీద నుంచి ఒక్క గెంతు గెంతింది. పసుపు చిమ్ముకుంటూ మబ్బు వెనక పరిగెత్తింది. "పిన్నీ! ఆగు పిన్నీ! తప్పయిపోయింది! నీ కాళ్లు పట్టుకుంటాను, వెనక్కి రా!"

మబ్బుకి కాళ్లెక్కడివి? అయినా ఆగింది.

"నేనేమీ కావాలని మీ పేటను దాటిపోవడం లేదే పిల్లా" అంది. "వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆగమంటారు. వద్దన్న చోట కురిసే అలవాటు నాకు లేదు. ఇవాళ నువ్వు రమ్మంటావు. రేపు మీ ఎలుగు పొమ్మంటాడు. పేటంతా ఒక్క మాట మీద పిలిస్తే వస్తాను. ఒక్కరు కాదన్నా రాను."

పైడమ్మ రొప్పుకుంటూ పందిరి దగ్గరికి వచ్చింది. జరిగిందంతా చెప్పింది. సన్యాసి తన ముగ్గు చూసుకున్నాడు. గుంట చూశాడు. "పోతే పోయిందిలే, ఒక చుక్క తప్పు వేశాను కూడా" అన్నాడు.

అందరూ అప్పలకొండ వైపు తిరిగారు. అతను ఇప్పపువ్వు మీద బోర్లా పడి, రెండు చేతులతో వాటేసుకున్నాడు. "ఇది ఏడాది తిండి! ఇంకొక్క రోజు ఎండితే చాలు. ఒక్క రోజే కదా!"

"ఒక్క రోజు నా పిల్లలు ఆగలేరు మావా" అని పైడమ్మ బావురుమంది.

అప్పలకొండ విసుక్కుంటూ లేచాడు. గుంట దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. బురదలోంచి ఆవగింజంత పిల్ల ఒకటి కళ్లు తెరిచి, "తాతా, దాహం" అంది.

అంతే! అప్పలకొండ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి, కొండ దద్దరిల్లేలా అరిచాడు. "మబ్బమ్మా! వచ్చెయ్యి తల్లీ! ఇప్పుడే కురువు! నా పువ్వు మీదే మొదలుపెట్టు!"

పేటంతా కలిసి పిలిచింది. మబ్బు పరుగున వచ్చింది. ఇక వాన చూడండి! పువ్వు కొట్టుకుపోయింది. ముగ్గు కరిగిపోయింది. పందిరి కూలి గవరయ్య నెత్తి మీద పడింది. పసుపు కప్ప మళ్లీ పచ్చ కప్ప అయింది. గుంట నిండి, పొంగి, పిల్లలు మూడు వందల మందీ తోకలు ఆడిస్తూ ఈదారు. పైడమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

వాన ఆ రోజు ఆగలేదు. రెండో రోజూ ఆగలేదు. మూడో రోజు సన్యాసి చెవుల దాకా తడిసి, వణికిపోతూ, మబ్బు వైపు చూసి ఏదో అనబోయి నోరు తెరిచాడు.

అప్పలకొండ ఒక్క ఉదుటున వెళ్లి, అతని మొహమంతా కప్పేసేలా అరచెయ్యి అడ్డం పెట్టి, "ఏమీ లేదు మబ్బమ్మా, వాడు ఆవలిస్తున్నాడు. నువ్వు కానివ్వు!" అన్నాడు.

నీతి: కావాలని మొర పెట్టుకున్నది గడప దాకా వచ్చినప్పుడు, చిన్న చిన్న సాకులతో దాన్ని వెనక్కి పంపకూడదు.