అరవైముగ్గురి ఆచూకీ

గోదావరి నడుమ రెల్లు మొలిచిన లంక ఒకటుంది. దాన్ని కాయమని పులిరాజు పెట్టింది ఎందరినయ్యా అంటే, దళపతి కోటప్పతో కలిపి ఏడంటే ఏడు ముంగిసల్ని. ఆవలి గట్టున వంద నక్కలు మకాం వేశాయి. పాయ ఎండితే నడిచి వచ్చేయొచ్చని వాటి ఆశ.

సాయం పంపమని కోటప్ప మూడుసార్లు కబురు పెట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నీళ్లు మోకాలి లోతుకు దిగేసరికి ఇక లాభం లేదని ఓ ఎత్తు వేశాడు. ఏడుగురూ వరసగా రెల్లు ముందు నుంచి నడవడం, వెనక్కెళ్లి బురద పూసుకుని మళ్లీ రావడం, కడుక్కుని ఇంకోసారి రావడం. పొద్దస్తమానం ఇదే తంతు. కాళ్లు పీక్కుపోయాయి పాపం. నక్కలు మాత్రం డెబ్బైమందని లెక్క తేల్చుకుని, పాయ చీలమండ లోతుకు వచ్చినా గట్టు దిగలేదు. కోటప్ప మీసం దువ్వుకున్నాడు.

నాలుగో రోజున రాజుగారి వేగు కావుళ్లు అనే కాకి ఆజ్ఞ పట్టుకుని వాలాడు. పదిమందిని ఉంచుకుని అరవైమందిని తూర్పు పొలిమేరకు పంపాలట. డెబ్బైమందిని పెట్టుకుని సాయం అడగడానికి సిగ్గుండాలని కూడా రాజుగారు అన్నారట.



“అయ్యా, మేం ఏడుగురమే. ఆ డెబ్బై అన్నది నక్కల్ని బెదరగొట్టడానికి ఆడిన నాటకం,” అన్నాడు కోటప్ప.

కావుళ్లు నవ్వాడు. “నాకా కోటప్పా ఈ కబుర్లు? నక్కల మధ్య తిరిగి వాటి నోటే విన్నాను. శత్రువు నీ బలం పెంచి చెబుతాడా?”

కోటప్పకు ఒళ్లు మండింది. ఏడుగురినీ ఇసుకతిన్నె మీద బారుగా నిలబెట్టాడు.

“లెక్కపెట్టుకోండి. ఎనిమిదోవాడు కనిపిస్తే నా తల తీసుకుపొండి.”

కావుళ్లు లెక్కపెట్టాడు. మిగతావాళ్లను రెల్లులో దాచావులే అని తల ఎగరేశాడు. అతను నమ్మలేదు సరే, ఆవలి గట్టున నక్కలు కూడా లెక్కపెట్టాయి. వాటికి మాత్రం ఇట్టే నమ్మకం కుదిరింది.

వందా ఒక్కుమ్మడిగా వచ్చి పడ్డాయి. ముంగిసలు పారిపోలేదు, ఆ మాట చెప్పి తీరాలి. ఎగిరిపోయింది కావుళ్లొక్కడే. పొద్దు వాలకముందే ఏడుగురూ నేలకొరిగారు, లంక నక్కలదైంది.

కొలువులో కావుళ్లు నివేదిక చదివాడు: ఏడుగురు వీరమరణం, అరవైముగ్గురు పరారీ. పులిరాజు మండిపడి, ఆ ద్రోహుల్ని పట్టి తెమ్మని నాలుగు దిక్కులకూ సైన్యాన్ని తోలారు. సాయానికి దొరకని సైన్యం వెతకడానికి దండిగానే దొరికింది. ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

నీతి: శత్రువు కోసం అల్లిన అబద్ధాన్ని మనవాడు కూడా నమ్మాడంటే, ఆ తర్వాత మనం చెప్పే నిజం శత్రువుకే పనికొస్తుంది.