గవరయ్య సుత్తి

వెనకటికి గవ్వలరేవు సంస్థానంలో ఉప్పు మోసే గూడ్సు బండి ఒకటి నడిచేది. రోజూ అది రాకముందే గవరయ్య సుత్తి భుజాన వేసుకుని ఆరు మైళ్లు పట్టాల వెంట నడిచి, వదులైన మేకులన్నీ బిగించేవాడు.

కొత్తగా వచ్చిన దివాను భుజంగరావు ప్రమాదాల రిజిస్టరు తిరగేశాడు. అందులో ఒక్క అక్షరం లేదు. వెంటనే గవరయ్యను పిలిపించాడు.

"పదకొండేళ్లలో బండి ఒక్కసారీ పట్టాలు తప్పలేదు. తప్పని బండికి నువ్వెందుకోయ్? రేపు సుత్తి అప్పగించి ఇంటికి పో."

"చిత్తం," అన్నాడు గవరయ్య.

మర్నాడు పొద్దున దివాను కచేరీకి వెళ్లడానికి తన గుర్రబ్బండి ఎక్కాడు. పక్కనే గవరయ్య నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సుత్తి, మరో చేతిలో రెండు ఇనప చీలలు.

"ఏమిటోయ్ అవి?"

"చక్రాలు ఊడిపోకుండా తమ బండి ఇరుసుకు పెట్టే చీలలు దొరా. ఈ బండికి ఏనాడూ చక్రం ఊడలేదట. ఊడని చక్రానికి చీలెందుకని పీకేశాను."

ఈ మాటలు వినని బండివాడు కొరడా ఎత్తాడు.

"ఆగరా!" అని దివాను అరిచి, కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు.

"భయమెందుకు దొరా? ఇన్నేళ్లూ ఊడనిది ఇవాళ ఊడుతుందా?"

దివాను కదలకుండానే కంటి కొసతో చక్రం వంక చూశాడు.

"చీలలు పెట్టు," అన్నాడు చివరికి. "పెట్టి, నీ పనికి పో. గూడ్సు వచ్చే వేళయింది."

"మరి సుత్తి?"

"నీ దగ్గరే ఉండనీ."

ఆ పూట పట్టాలకు నాలుగు మేకులు వదులుగా కనిపించాయి. గవరయ్య బిగించాడు. గూడ్సు వెళ్లిపోయింది. రిజిస్టరులో రాయడానికి ఏమీ లేకపోయింది.