దీనమ్మ కుడిచేతి పిడికెడు

సువార్తమ్మ గారిని ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు వచ్చేది కాదు. అడిగినవాళ్ళ ముఖంలోకి కాసేపు చూసేవారు. తరవాత లేచి, కొంగు దులుపుకుని, "పద" అనేవారు. ఎక్కడికో చెప్పేవారు కాదు. ఆవిడ మా పల్లెకు బైబిలు అమ్మగారు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, జబ్బు మనుషుల పక్కన మోకరించడం, నాలాంటి పిల్లల తల్లులకు కూడా పలక చేతికిచ్చి అక్షరాలు దిద్దించడం ఆవిడ పని. చదివిన వాక్యాన్ని విడమరిచి చెప్పమంటే మాత్రం ఆవిడకు అంత ఇష్టం ఉండేది కాదు. "చెబితే విని ఇంటికెళ్ళి పడుకుంటారు. కళ్ళతో చూస్తే నిద్ర పట్టదు" అనేవారు.

ఆ ఏడు మా పల్లెకు చాలా చెడ్డ ఏడు. కాలవకు నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక, మా పల్లె పక్కనున్న ఊళ్ళో రైతులందరికీ ఒక్కసారే నాట్లు పడ్డాయి. అలాంటప్పుడు మా ఆడవాళ్ళకు నడుం ఎత్తే తీరిక ఉండకూడదు. కానీ మమ్మల్ని ఎవరూ పిలవలేదు. అంతకుముందు వేసవిలో మావాళ్ళు మా ప్రార్థన గుడి అరుగు మీద కూర్చుని, ఆడకూలికీ మగకూలికీ అంత తేడా ఎందుకని మాట్లాడుకున్నారు. ఆ మాట ఊళ్ళోకి వెళ్ళింది. "ఆ గుడి కట్టుకున్నాకే వీళ్ళకు తలలు లేచాయి" అన్నాడు పెద్ద కామందు. అని ఊరుకోలేదు. ఆదివారం గుడి గడప తొక్కనివాళ్ళకే ఇక నాట్ల పని అని కూలీల మేస్త్రి చేత కబురు పంపాడు. పొరుగూళ్ళ నుంచి బండ్ల మీద కూలివాళ్ళు దిగారు. మా కళ్ళెదుటే ఏటా మేము నాటే చేలల్లో వేరేవాళ్ళు నారు పరుస్తుంటే మేము గట్టున నిలబడి చూశాం. కొందరు వలస పోయారు. కొందరు ఆదివారం తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఆకలి ఎవరిదైనా ఆకలే.

అదుగో, అలాంటి రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం నేను అమ్మగారి ఇంట్లో అక్షరాలు దిద్దుకుంటుంటే పరంజ్యోతి వచ్చింది. పల్లె చివర ఇస్సాకు భార్య. సువార్తమ్మ గారి దగ్గర చదవడం, ప్రార్థన చేయడం నేర్చుకున్నవాళ్ళలో చురుకైన మనిషి. పాట ఎత్తుకుంటే గుడి మొత్తం ఆమె వెనకాల వెళ్ళేది. ఆ రోజు మాత్రం ఆ గొంతులో పాట లేదు. నేను పలక పక్కన పెట్టేశాను.

"అమ్మగారూ, సాయంత్రం మేస్త్రి వస్తున్నాడండి" అంది. "రేపు గుడికి రాకపోతే, ఎల్లుండి నుంచి మా ఇద్దరికీ పని రాసుకుంటానన్నాడు. మా ఆయన ఆ మాట నా నెత్తిన పెట్టి కాలవ అవతలికి పోయాడు. 'నువ్వేదంటే అదే, నాకు నోరు రాదు' అన్నాడు. నాకు మాత్రం ఎక్కడొస్తుందండీ నోరు? ఇంట్లో ఉన్నవి నూకలు. అవీ డబ్బా అడుగుకొచ్చాయి."

సువార్తమ్మ గారు వింటున్నారు.

"దేవుని బలంతో బతకాలి, మన బలంతో కాదు అని చెబుతారు గదండీ మీరు. ఆ బలం ఎక్కడుందో నాకు చూపించండి. నేను ప్రార్థన చేస్తాను. లేచి చూసుకుంటే మళ్ళీ నేనే ఉంటాను. అదే భయం, అదే కడుపు. ఇలాంటి రోజుల్లో భక్తిగా ఉండాలంటే ఉండేవాళ్ళు వేరేగా పుట్టాలేమో అండి."

ఆవిడ చాలాసేపు ఆమె ముఖంలోకి చూశారు. తరవాత, "మీ ఇంట్లో ఎసరు ఎప్పుడు పెడతావు?" అని అడిగారు.

"పొద్దుగూకేముందండి. ఈ మధ్య ఒక్క పూటే గదా."

"పద."

పరంజ్యోతి నా వైపు చూసింది. ఇంత పెద్ద ప్రశ్నకు వంట సంగతి ఏమిటని ఆమె చూపు. నాకూ తెలియలేదు. నేనూ వాళ్ళ వెనకాలే నడిచాను.

మా పల్లెల్లో క్రైస్తవ ఇల్లాళ్ళకు ఒక వాడుక ఉంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వంటకు బియ్యం కొలిచాక, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనుండే చిన్న కుండలో వేస్తారు. ఎంత తక్కువ కొలిచినా ఆ పిడికెడు ముందు తీయాల్సిందే. ఆదివారం ఆ కుండలన్నీ గుడికి వెళ్తాయి. ఎవరి గింజలు ఎవరివో తెలియకుండా ఒక్క గంపలో కలుస్తాయి. మామూలు రోజుల్లో అవి వాక్యం చెప్పే అయ్యగారికీ గుడి ఖర్చులకూ పోయేవి. ఆ ఏడు మాత్రం పొయ్యి రాజుకోని ఇళ్ళకు వెళ్తుండేవి.

పరంజ్యోతి ఇంట్లో ఆ పిడికెడు తీసేది ఆమె కాదు. వాళ్ళ అత్త దీనమ్మ. ముసలావిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఎడమచేత్తో తింటుంది, ఎడమచేత్తో చీపురు పడుతుంది. దేవునికి మాత్రం ఎడమచేత్తో తీయదు. ఆమెకు అది చచ్చినా కుదరని పని. పని పోయిన కొత్తల్లో పరంజ్యోతి ఒక రోజు, "అత్తా, ఇక నుంచి దేవుని పిడికెడు నువ్వే తియ్యి, పెద్దదానివి" అని చాట ఆమె ముందుకు జరిపిందట. పల్లెలో అందరం ఎంత మంచి కోడలో అనుకున్నాం. పెద్దరికం ఇచ్చిందనుకున్నాం.

మేం వెళ్ళేసరికి దీనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సువార్తమ్మ గారిని చూడగానే ముఖం విప్పారింది.

"రా తల్లీ రా. మా ఇంట్లో విందుకు వచ్చావా? నూకల గంజి, అందులోకి మా కోడలి చిరాకు. రెండూ వేడివేడిగా ఉంటాయి."

"అత్తా!" అంది పరంజ్యోతి.

"అబద్ధమా?"

సువార్తమ్మ గారు నవ్వి పీట మీద కూర్చున్నారు. పరంజ్యోతి పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది. డబ్బా వంచి, అడుగు తట్టి, నూకలు చాటలో పోసింది. చాటలో ఒక మూలకు కూడా రాలేదు. చాట అత్త ముందు పెట్టి, తను ఎసరు వైపు తిరిగింది. రోజూ అలాగే తిరుగుతుందేమో.

"ఇటు చూడు పరంజ్యోతీ" అన్నారు సువార్తమ్మ గారు.

దీనమ్మ ఎడమచేత్తో కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. పసిబిడ్డను ఒళ్ళోంచి దించినట్టు మెల్లగా ఎత్తి నూకల మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. అది పెద్ద ప్రార్థనేమీ కాదు. దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. "నాయనా, నా చెయ్యి రావడం లేదు, నీ చెయ్యి పెట్టు." అంతే. తరవాత ఎడమచెయ్యి వదిలేసింది.

ముందు చిటికెనవేలు కదిలింది. దాని పక్కది కదిలింది. బొటనవేలు చాలాసేపు ఆలోచించి, అదీ వచ్చి చేరింది. పిడికిలి మూసుకుంది. పైకి లేచింది. చాటకూ కుండకూ మధ్య ఒక్క గింజ రాలలేదు. ఆ కాస్త దూరం ఆ చెయ్యి ప్రయాణం చేసి, గింజలు కుండలో వదిలింది.

పరంజ్యోతి చూపు చాట మీద పడింది. అక్కడ గుంట పడింది.

"అయ్యయ్యో, అంత తీసేశావేంటత్తా!" అంది. ఆకలి మాట్లాడించిన మాట అది.

"పిడికెడంటే పిడికెడే గదే."

"నీ పిడికెడు ఇంతెప్పుడయింది? నాలుగు గింజలు వచ్చేవి గదా, సగం చాటలోనే రాలిపోయేవి గదా..." అంటూ ఆగిపోయింది. అప్పుడు ఆమె ఆ చెయ్యి వైపు చూసింది. ఇన్నాళ్ళూ రోజూ నూకలు చూసుకుంది గానీ, వాటి మీదికి వస్తున్న చేతిని చూడలేదు. దగ్గరికి వెళ్ళి అత్త చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసింది. వంగాయి. ఆమె వేలిని అవి పట్టుకున్నాయి కూడా.

అప్పుడు ఏడ్చింది. "నేను పెద్దరికమిచ్చి నీకు చెప్పలేదత్తా. నీ చెయ్యి మూసుకోదని తెలిసే చెప్పాను. వాడుక తప్పినట్టు ఉండకూడదు, గింజలూ పోకూడదు అనుకున్నాను. దేవుడికి లెక్క తగ్గించాను."

దీనమ్మ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలియదనుకున్నావా ఏంటి?" అంది. "మొదటి రోజే తెలుసు. నువ్వు నాకు పెద్దరికం ఇచ్చే మొహమా? పడిపోయిన చేతికి దేవుని పని దొరికింది, అది చాలనుకున్నాను. కోడలు ఎందుకిస్తే నాకేం?"

సువార్తమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వారో ఏడ్చారో నాకు కనపడలేదు.

చదువుకున్నవాళ్ళకు ఈ సంగతి చెబితే, రోజూ కదిలించడం వల్ల చేతికి కసరత్తు అయిందంటారు. కావచ్చు. కాదనడానికి నేనెవర్ని? కానీ చచ్చిందనుకున్న చేతిని పూట తప్పకుండా గింజల మీద పెట్టమని ఆ ముసలిదానికి ఎవరు చెప్పారు, రాలిపోయిన ప్రతి పూటా మళ్ళీ పెట్టడానికి ఓపిక ఎవరిచ్చారు? ఇదంతా ఒక కోడలు ఆకలి కొద్దీ చేసిన ఉపాయంలోంచి ఎలా వచ్చింది? ఇన్నేళ్ళయినా నాకు అది తలుచుకుంటే వింతగానే ఉంటుంది.

అంతలో వాకిట్లో సైకిలు ఆగింది. మేస్త్రి నాగభూషణం. చెడ్డవాడేమీ కాదు, కామందు మాట మోసుకు తిరిగేవాడు. లోపలికి రాకుండా చూరు కింద వంగి చూశాడు. సువార్తమ్మ గారిని చూసి కొంచెం తడబడ్డాడు.

"ఓహో, సభ ఇక్కడే పెట్టారా? ఏమ్మా పరంజ్యోతీ, ఏం చెబుతావు? ఇస్సాకు నిన్నడగమన్నాడు."

పరంజ్యోతి లేచి వాకిట్లోకి వెళ్ళింది. మేం లోపలే ఉన్నాం. సువార్తమ్మ గారు పీట మీంచి లేవలేదు. ఆవిడ ఒక్క మాట అంటే బాగుండునని నాకు అనిపించింది. చాటలో ఆ కాసిని నూకలు, వాకిట్లో ఆ పిల్ల ఒక్కతే.

"రేపు గుడికి వెళ్తామండి" అంది పరంజ్యోతి.

"అది కాదమ్మా నేనడిగింది. పని కావాలా వద్దా?"

"కావాలండి. ఎల్లుండి పిలవండి, చీకటితోనే వస్తాను. నా అంత వరసగా నారు పెట్టేవాళ్ళు ఆ బండ్ల మీద వచ్చినవాళ్ళలో లేరని మీకూ తెలుసు. గుడి మానుకుంటేనే పని అంటే మాత్రం రానండి."

"నీకేమన్నా పిచ్చా? ప్రార్థన ఇంట్లో చేసుకో, దేవుడికి అడ్రసు దొరకదా? ఆ గుడి నీకు అన్నం పెడుతుందా?"

"నాకు పెట్టలేదండి ఇంకా. పొయ్యి రాజుకోని ఇళ్ళకు పెడుతోంది. రేపు మా పొయ్యి రాజుకోకపోతే మాకూ పెడుతుంది. ఆ గంపలో నా గింజలు తక్కువున్నాయండి. ఎక్కువ పెట్టాలిక." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "కామందు గారి మీద నాకు కోపం లేదని చెప్పండి. నిన్నటిదాకా ఉంది. ఆయన చేను బాగా పండాలని రేపు గుడిలో ప్రార్థన చేస్తాను. అది కూడా చెప్పండి."

నాగభూషణం సైకిలు గంట మీద బొటనవేలు ఆడించాడు గానీ మోగించలేదు. "ఇంత మాట నేనెలా చెప్పను ఆయనకి" అని గొణుక్కుంటూ సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పరంజ్యోతి లోపలికి వస్తూ గడపలోనే చతికిలబడింది. తను అన్న మాటలు తనకే అప్పుడు వినపడుతున్నట్టున్నాయి.

"అమ్మగారూ, మధ్యాహ్నం మీ దగ్గరికి వచ్చినప్పుడు నాలో ఒట్టి భయమే ఉందండి. అడిగితే సరేనందామనే అనుకున్నాను. ఆయన కోసం ప్రార్థన చేస్తానన్నది నేనేనా? ఈ పూట ఇంత బలం ఎక్కణ్ణించి వచ్చిందండీ నాకు?"

ఎసరు మరిగి మూత ఎగురుతోంది. సువార్తమ్మ గారు చాట తీసుకుని, మిగిలిన నూకలు ఎసట్లోకి జారవిడిచారు. దీనమ్మ కుడిచేతి వైపు ఒకసారి చూశారు.

"ఈ పూటే వచ్చిందని నీకెవరు చెప్పారే?" అన్నారు.