కుడిచేతి దారం

లోకేశ్వరికి ఆ వారమంతా అన్నం సయించలేదు. తన కింద పనిచేసే ఇందుమతి ఒక మాట అడిగింది, తను కాదంది. కాదనడం న్యాయమేనని ఎంత సర్దిచెప్పుకున్నా ఆ పిల్ల ముఖం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

దారి తోచనప్పుడు ఆమె వెళ్లేది దస్తగిరయ్య దగ్గరికే. ఆయన దూదేకుల సాయిబు, పరుపులు కుట్టి బతుకుతాడు. నాలుగు మంచి మాటలు చెప్పు సామీ అంటే నవ్వి సూదిలోకి దారం ఎక్కించుకుంటాడు. అయినా చుట్టుపక్కల చాలామందికి గురువు ఆయనే.

గురువారం సెలవు దొరగ్గానే లోకేశ్వరి వెళ్లింది. కొట్టంలో ఆయన దూది ఏకుతున్నాడు.

"సామీ, ఒక తాయెత్తు కట్టియ్యల్ల. నాకు కాదు, మా దగ్గర పనిచేసే పిల్లకు. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ మూడో నెల."

"ఏం పని చేస్తాది?"

పని మాట రాగానే లోకేశ్వరి దిగులు సగం దిగిపోయింది. ఫోన్లలో పెట్టే చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమె సూపర్‌వైజరు.

"మా క్లీన్‌రూమ్ మీరు చూడల్ల సామీ! ఆపరేషన్ థియేటర్ కూడా దాని ముందు దిగదుడుపే. తలనుంచి కాళ్లదాకా తెల్లబట్టలు, మూతికి మాస్కు. గాల్లో దుమ్ము ఎంతుండాదో చెప్పేదానికి గోడకు మీటరు. ఇందు అక్కడ చిప్‌లు చేసే సిలికాన్ పలకలను సాల్వెంటుతో కడుగుతాది. గోళ్ల రంగు తుడిచే మందు మాదిరి వాసనొస్తాది అది. బిడ్డకేమన్నా అవుతాదేమో, ప్యాకింగుకు మార్చక్కా అనింది. ఇంత శుభ్రమైన చోటు నీకు యాడ దొరుకుతాది పాపా అని నేనే కసురుకుంటి. పనిమంతురాలు సామీ. ఆ పిల్లను లేపితే ఆ బల్ల దగ్గర ఇంకొకరు కుదురుకోవల్లంటే నెల పడతాది."

"ఎవరు ఏ బల్ల దగ్గర నిలబడల్లో చెప్పేది ఎవరు?"

"నేనే. శుక్రవారం శుక్రవారం బోర్డు మీద పేర్లు రాసేది నేనే." ఆ మాటలో కాస్త గర్వం ఉంది. పన్నెండేళ్లు చెమటోడిస్తే వచ్చిన గర్వం, పోనీ అనుకోవచ్చు.

"ఆ గదిలోకి తాయెత్తు రానిస్తారా?"

"దారప్పోగు కూడా రానియ్యరు. అయితే ఏంలే, బట్టల కింద కట్టుకోమంటా. ఆ మాత్రం నేను చూసీ చూడనట్టు పోలేనా?"

దస్తగిరయ్య ఊఁ అన్నాడు. "మాస్కు ఉండాదా దగ్గర?"

సంచిలో నీలం మాస్కు ఒకటి ఉంది. పెట్టుకోమన్నాడు. పెట్టుకోగానే దూది ఏకే విల్లు అందుకుని నారిని టంగు టంగుమని వాయించాడు. కొట్టమంతా దూది నూగు లేచింది. లోకేశ్వరి జుట్టు నిమిషంలో నెరిసిపోయింది.

ఆయన విల్లు పక్కన పెట్టి, మాస్కు తీసి చూడమన్నాడు. పైన నూగు దట్టంగా పట్టింది. లోపలి వైపు ఒక్క పోగు లేదు.

"చూసినారా సామీ!" అంది మురిసిపోతూ.

"చూసినా. దులిపి మళ్లీ పెట్టుకో. కండ్లు మూసుకో."

ఏదో బిరడా తీసిన చప్పుడైంది.

"ఏమన్నా తెలుస్తాందా?"

"మొగలి అత్తరు."

"గుడ్డ మూతికే ఉండాదా, జారిందా?"

లోకేశ్వరి తడుముకుని చూసింది. మాస్కు ఉన్నచోటే ఉంది.

ఆమె వెంటనే కళ్లు తెరవలేదు. గోడ మీది మీటరు గుర్తొచ్చింది. అది లెక్కపెట్టేది దుమ్మునే. సాయంత్రం బస్సులో ఇందు పక్కన కూర్చుంటే బట్టలు మార్చుకున్నా వచ్చే ఆ తీపి వాసన కూడా గుర్తొచ్చింది.

"ఇంతకూ ఆ గుడ్డ ఎవరి కోసం కడతారు?" అడిగాడు దస్తగిరయ్య.

"పలకల కోసం సామీ." ఆమె మాస్కు కిందికి లాగింది. "మా ఊపిరి, మా తుంపర వాటి మీద పడకుండా."

"మంచిదే. పలకలు సుఖంగా ఉండాయి," అని ఆయన బిరడా బిగించాడు.

లోకేశ్వరికి భయమేసింది. ఆ రెండుసార్లూ ఇందు ఆ బల్ల దగ్గరే ఉంది. కారణం అదేనో కాదో తనకు తెలియదు. ఎవరినైనా అడిగి తెలుసుకుందామని కూడా అనుకోలేదు.

దస్తగిరయ్య డబ్బాలోంచి నల్లదారం తీశాడు. పెదవుల్లోనే ఏదో చదువుకుని, "చెయ్యి పట్టు," అన్నాడు.

"తాయెత్తు ఆ పిల్లకు కదా సామీ?"

ఆయన దారం సాగదీసి పట్టుకున్నాడు. లోకేశ్వరి ఎడమచెయ్యి చాచింది. ఆయన దాన్ని మెల్లగా పక్కకు జరిపి, కుడిచెయ్యి పట్టుకుని మణికట్టుకు దారం చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆడోళ్లకు ఎడమచేతికి కదా సామీ కట్టేది?"

ఆయన మూడు ముళ్లు వేశాడు. పరుపుల కత్తెరతో కొస కత్తిరించాడు.

"రేపు శుక్రవారం. బోర్డు మీద పేర్లు రాసేది ఏ చేత్తో తల్లీ?"