పులికి ఇంకో పేరు

శితికంఠుడికి పేర్లంటే పిచ్చి. మూడేళ్ళుగా జంతువుల పేర్లన్నీ పోగేసి నిఘంటువు రాస్తున్నాడు. గురువుగారు సరేనంటే దాన్ని పట్టుకుని రాజధానికి పోవాలని ఆశ. ఆ సరే ఒక్కటే రావడం లేదు.

ఆ రోజు నిఘంటువులో పులి దగ్గరికి వచ్చాడు.

"వ్యాఘ్రం అంటే వాసన పట్టేది, గురువుగారూ. పుండరీకం అన్నా పులే, తెల్లతామరా అదే. ఎంత అందమో చూడండి, పులికీ పువ్వుకీ ఒకే పేరు! మొత్తం ఇరవై దొరికాయి."

"ఒకటి తగ్గింది," అన్నాడు గురువు నిర్గుణయ్య, జొన్నలు మూటకడుతూ. "కింద గూడెంలో ఉంది. పద."

కొండ దిగేసరికి పొద్దు వాలుతోంది. అడవికి నిప్పంటుకున్నట్టు మోదుగులు పూసి ఉన్నాయి. శితికంఠుడు వాటినే చూస్తూ నడిచాడు. గూడెంలో అప్పుడే తలుపులు మూసేస్తున్నారు. చివరి గుడిసె ముందు ఈదమ్మ అనే పడుచు చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. వాకిట్లో మట్టి మీద పెద్ద పెద్ద పంజా గుర్తులు, నిన్నటివి.

"మీ అడవిలో పులిని ఏమంటారమ్మా?" అనడిగాడు శితికంఠుడు.

"బయన్న," అంది. గొంతు బొంగురుపోయి ఉంది.

శితికంఠుడు నవ్వాడు. "మనిషి పేరులా ఉందే. ఎవరు పెట్టారు?"

"పెట్టేదేముందయ్యా. మొదట ఎవర్ని తింటే దానికి వాళ్ళ పేరే. పోయినోడు దాని వీపు మీదెక్కి తిరుగుతా ఉంటాడు. పొద్దుగూకే యాళ పేరెట్టి పిలిస్తే, మన గడప తొక్కకుండా పక్కకి మళ్ళిస్తాడు."

"ఎవరా బయన్న? నీకు తెలుసా?"

ఆమె పిల్లకి కొంగు కప్పింది.

"దాని పెనిమిటే," అంది పక్కింటి ముసలమ్మ తలుపు సందులోంచి. "తెలుసా అంట. సదువుకున్నోడివి, బాగా అడిగావులే."

శితికంఠుడి నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

పొద్దు గూకింది. ఈదమ్మ లేచి గడపలో నిలబడి నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ పిలవబోయింది. అదీ అంతే. చంకలో పిల్ల ఏడుపందుకుంది.

"ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడన్నా ఆ పేరు నా నోట రాలేదయ్యా," అంది గుసగుసగా. "ఇప్పుడు రోజూ అరిచి అరిచి గొంతు పోయింది."

గురువు జొన్నల మూట గడప లోపల పెట్టాడు. శిష్యుడి వైపు తిరిగాడు.

"ఇరవై పేర్లు తెలిసినవాడివి. పిలువు."

శితికంఠుడు గడపలోకి వచ్చాడు. ఎదురుగా వెదురుపొదలు నల్లబడుతున్నాయి. వాటిలో ఏదో కదిలింది, గాలో మరేమిటో. మూడేళ్ళు కూడబెట్టిన పేర్లలో ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

"బయన్నా," అన్నాడు మెల్లగా. "ఇటు రాకు. పిల్ల ఉంది."

"ఇంకాస్త గట్టిగా నాయనా," అన్నాడు గురువు. "వెదుళ్ళ దాకా వినబడాలి."