పైడమ్మ ముగ్గు ఎత్తుకుపోయిన దయ్యం

ఏమర్రా, మీ ఫోన్లో దాచుకున్న గుట్టంతా ఎవడో ఎత్తుకుపోయాడనుకోండి, ముందు ఏం చేస్తారు? ఏడుస్తారా? ఎవరికీ తెలియకుండా దాస్తారా? జవాబు ఇప్పుడే వద్దు, కథ విని చెప్పండి. ఊ కొట్టడం మాత్రం మానకండి.

అనగనగా ఒక ఊళ్ళో తాళాలే లేవు. తాళాలకి బదులు ముగ్గులు. గొడ్లు మందకాపరి దగ్గర, విత్తనాలు ఊరి గాదెలో, నగలు కంసాలి పెట్టెలో ఉండేవి. మనది మనకి కావాలంటే వెళ్ళి వాళ్ళ ముందు మన గుర్తుముగ్గు వెయ్యాలి. ఒక్క చుక్క తప్పినా ఇవ్వరు. అందుకే ఒక్కోచోటికి ఒక్కో ముగ్గు పెట్టుకోమని పెద్దలు మొత్తుకునేవారు. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ, ఆవిడ వింటేనా! అన్ని ముగ్గులు ఎవరు గుర్తుపెట్టుకుంటారని, గొడ్లకి అదే ముగ్గు, గాదెకి అదే ముగ్గు, కంసాలికీ అదే ముగ్గు. కోడలు గున్నమ్మ వద్దత్తా అంటే, నా ముగ్గు నా ఇష్టమని మూతి తిప్పేది.

ఒకరోజు గాజులమ్మి వచ్చింది. పైడమ్మ చెయ్యి పట్టుకుని, ఇంత కళ ఉన్న చేతులు ఎలాంటి ముగ్గు వేస్తాయో చూడాలని ఉందమ్మా అంది. పైడమ్మ పొంగిపోయింది. ఎడం చేతికి గాజులు తొడిగించుకుంటూనే కుడి చేత్తో అరుగు మీద గుర్తుముగ్గు వేసేసింది. ఆ గాజులమ్మి ఎవరనుకున్నారు? ఏ రూపమైనా ఎత్తగల దయ్యం.

ఊ ఏదర్రా? నిద్రపోయారా? సరే.

మర్నాడు బర్రె కోసం వెళ్తే మందకాపరి ఎర్రయ్య నోరు తెరిచాడు. "పొద్దున్నే నువ్వే వచ్చి, ముగ్గేసి, తోలుకెళ్ళావు కదక్కా."

తాను ఇంట్లో పప్పు రుబ్బుతుంటే, తన మొహం, తన చీర, తన నడక వచ్చి తన బర్రెని తోలుకెళ్ళాయా? ఉన్నది తానేనా కాదా అని పైడమ్మ చేతులు తడుముకుని చూసుకుంది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. ఎవరికీ చెప్పొద్దు, ఊళ్ళో తలెత్తుకోలేనని కోడల్ని బతిమాలింది.

గున్నమ్మ ఓదార్చలేదు. "నువ్వు ముగ్గేసి చూపించిన ఆ గాజులమ్మే దయ్యమత్తా. బర్రె పోయింది, సరే. గాదెలో మన విత్తనాలున్నది కూడా ఆ ముగ్గు మీదేనత్తా. అవీ పోతే ఈ ఏడు చేను బీడే. సిగ్గు తర్వాత పడుదువుగాని, లే."

ఇక చూడండి పరుగు. గాదెకి పరిగెత్తారు, పాత ముగ్గు చెరిపించారు, కొత్త ముగ్గు నేర్పారు. కంసాలి దగ్గరికి పరిగెత్తారు, పాత ముగ్గు చెరిపించారు, ఇంకో కొత్త ముగ్గు నేర్పారు. తలారి దగ్గరికి పరిగెత్తారు, జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆ తర్వాత చుట్టాల ఇళ్ళకి. పైడమ్మ రూపంలో ఎవరొచ్చి చేటెడు బియ్యమడిగినా పెట్టొద్దు, ముందు మాకు కబురంపండి అని గడపగడపకీ చెప్పారు. మొదట్లో పైడమ్మ సిగ్గుతో కోడలి వెనక నక్కింది. నవ్వినవాళ్ళు నవ్వారు. ఒక వదిన మాత్రం తెల్లబోయి, ఆ గాజులమ్మికి నేనూ వేసి చూపించానే అంటూ గాదె దారి పట్టింది. దాంతో పైడమ్మకి సిగ్గు పోయి ఒళ్ళు మండింది.

వీళ్ళు అటు వెళ్ళారో లేదో, దయ్యం పైడమ్మ రూపంలో గాదెకి వచ్చి పాత ముగ్గు వేసింది. గాదె కాపరి చెంబెడు నీళ్ళు కొట్టి చెరిపేసి పొమ్మన్నాడు. పోయి ఊరుకుందా? మర్నాడు సోదెమ్మ వేషంలో వచ్చి అరుగెక్కింది. నీ బర్రె ఎక్కడుందో చెప్తాను తల్లీ, అమ్మవారికి ఆనవాలు కావాలి, నీ కొత్త ముగ్గులు వేసి చూపించు అంది. బర్రె మాట వినగానే పైడమ్మ పిండి గిన్నె అందుకుంది. చుక్క పెట్టబోయి ఆగింది.

"బర్రెని వెతకడానికి నా ముగ్గెందుకే నీకు?"

ఆ గిన్నెడు పిండీ దాని మొహాన కొట్టి జుట్టు పట్టేసుకుంది. జుట్టు చిక్కితే దయ్యం కదల్లేదు. తలారి వచ్చాడు, బర్రె ఇల్లు చేరింది, తొలకరికి విత్తనాలు చేలో పడ్డాయి, అత్తాకోడళ్ళు చల్లగా ఉన్నారు. మోసపోయినందుకు పైడమ్మని తిట్టకండర్రా, ఎవరైనా మోసపోతారు. తెలిశాక కూడా గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే, అప్పుడు తిట్టాలి.

కథేమో కంచికి పోయింది, మనకింకా పక్కెక్కే వేళ కాలేదు. లేవండి, ఆ ఫోన్లు తియ్యండి. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టారుగా? ఒక్కోటీ ఇప్పుడే మార్చండి. ఏదైనా పోయిందని అనుమానముంటే బ్యాంకుకీ, పోలీసులకీ, ఇంట్లోవాళ్ళకీ ఇప్పుడే చెప్పండి. కొత్తవి మాత్రం నాకు కూడా చూపించకండి.