అక్కా అని పిలిచిన కోట

అనగనగనగా, ఒక కొండకోట కింద చిన్న ఊరుండేది. ఆ ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె ఓబులమ్మ, చిన్నామె సుంకమ్మ. ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. కానీ మూడేళ్ళుగా మాటల్లేవు! ఎందుకంటావా? ఏదో పెళ్ళిలో పెద్దామెకంటే ముందు చిన్నామెకు తాంబూలం ఇచ్చారట. అంతే బంగారూ, అంతే! ఉప్పు కావాలన్నా ఒకరినొకరు అడక్క, ఇంట్లో పిల్లినే అడిగేవాళ్ళు.

కార్తీకమాసం వచ్చింది. ఊరంతా కోట మీదికి వనభోజనాలకు బయలుదేరింది. ఓబులమ్మ భారీ మనిషి, వెనకబడింది. సుంకమ్మకు పులిహోర మూట కట్టేసరికి ఆలస్యమై, ఆమె కూడా వెనకబడింది.

మొదటి దర్వాజా దగ్గర ఓబులమ్మ చెప్పు తెగింది. సుంకమ్మ పలకలేదు. కానీ వదిలి పోనూలేదు. మెట్టు మీద కూర్చుని, గాజులు సర్దుకుంటున్నట్టు నటించింది.

రెండో దర్వాజా దగ్గర కోతులు పులిహోర మూట మీదికి దూకాయి. అప్పుడు ఓబులమ్మ ఆ తెగిన చెప్పు విసిరి, "పోండే, దొంగముండల్లారా!" అని అరిచింది. కోతులతో మాట్లాడితే తప్పులేదు కదా!

ఆ తర్వాత మూడో దర్వాజా. అది దాటగానే మంచు కమ్మేసింది. సుంకమ్మ చేయి చాపి చూస్తే, పక్కన ఓబులమ్మ లేదు. కోటగోడ కూలిపోయిన వైపు నుంచి ఆమె కడియాలు గల్లుమన్నాయి.

సుంకమ్మ రోషం ఎటు పోయిందో!

"అక్కా! నిలబడక్కా! కాలు కదపొద్దు!"

కోటగోడలన్నీ "అక్కా... అక్కా... అక్కా..." అన్నాయి.

ఓబులమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. అప్పుడే గాలి వీచి మంచు విడిపోయింది. చూస్తే ఏముంది? ముందర జానెడు నేల. ఆ తర్వాత పాతాళమే! ఆమె అక్కడే కూలబడి, "చెల్లీ, పట్టుకోవే నన్ను" అంది.

సుంకమ్మ పరుగున పోయి, వాటేసుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ భోరుమన్నారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు పిలవలేదే?" అంది ఓబులమ్మ.

"నువ్వే ముందు పిలుస్తావని చూస్తున్నానక్కా!"

"నేనూ అదే చూస్తున్నానే!"

అప్పుడు చూడాలి, ఏడుస్తూనే పడీపడీ నవ్వారు. కోట కూడా వాళ్ళతోపాటు నవ్వింది.

పైన విస్తళ్ళ ముందు కూర్చున్న ఊరంతా తొంగి చూసింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఎక్కి వస్తున్నారు. ఆ తర్వాత మూడేళ్ళ కబుర్లూ మొదలయ్యాయి. తింటూ మాటలే, దిగుతూ మాటలే. వాళ్ళ అత్తగారు చెవులు మూసుకుని, "ఓరి దేవుడా, మీరు ఆ పిల్లితో మాట్లాడినప్పుడే నాకు హాయిగా ఉండేది!" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

కోటేమో కొండకీ,
కోడళ్ళేమో ఇంటికీ,
కథేమో కంచికీ,
కునుకేమో నీ కంటికీ!